నూకరాజు రాయని ముగింపు

ఈ నెల మొదటి ఆదివారం ఉదయం ఆఫీసుకు బయలుదేరుతూ బూట్లు తొడుక్కుంటుంటే మల్లేశ్ ఫోను చేశాడు. ఖతార్‌లో బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉండే కరీంనగర్ మనిషి అతను. మా సాహితీ మిత్రుల బృందంలో కథలు పైకి చదివి వినిపించే గొంతు అతనిదే.

"సార్, నూకరాజన్న పోయిండు," అన్నాడు.

సెలవు మీద ఊరికి వెళ్ళాడనుకున్నాను. "ఎప్పుడు వెళ్ళాడు? నాకు మాటమాత్రం చెప్పలేదే!" అన్నాను కొంచెం నిష్ఠూరంగా.

మల్లేశ్ గొంతు తగ్గించాడు. "ఊరికి గాదు సార్. పానం పోయింది."

ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది, అలాగే గుమ్మంలో కూలబడ్డాను. నూకరాజుగారు తాను డ్రైవరుగా పనిచేసే ఇంటి యజమాని మనుమల్ని బడి దగ్గర దింపి తిరిగి వస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చిందట. బండిని రోడ్డు పక్కకు తీసి, దీపాలు వెలిగించి, ఇంటికి ఫోను చేశాడట. తన నొప్పి మాట చెప్పలేదు. "మధ్యాహ్నం పిల్లల్ని తేవడానికి ఇంకెవరినన్నా పంపండి" అని మాత్రం అన్నాడట. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది. యాభై రెండేళ్ళ వయసు. కాకతీయుల కాలపు సముద్రాన్ని ఒంటరిగా ఈది, మా అందరి చేతుల్లో 'మోటుపల్లి నావ' అనే నవల పెట్టిన మనిషి ఖతార్ దేశపు రోడ్డు పక్కన, పార్కింగు దీపాలు మినుకు మినుకుమంటుండగా కన్నుమూశాడు.

ఆయన గురించి రాయడానికి నాకంటే అర్హులు ఉన్నారు. అయినా నేనే రాయాలి. ఎందుకో చెప్పకుండా ఈ వ్యాసం ముగించను.

నేను నూకరాజుగారిని మొదట చూసింది అల్ అజీజియాలో, మా మిత్రుని ఇంటి హాల్లో జరిగిన శుక్రవారపు సాహిత్య సమావేశంలో. మేమంతా సోఫాల్లో, కుర్చీల్లో కూర్చున్నాం. చెప్పులు విడిచే చోట, గోడకు ఆనుకుని, ప్లాస్టిక్ సంచీలో ఏదో పొదివి పట్టుకుని నిలుచున్నాడొక నల్లని, పొడవాటి మనిషి. ఎవరినో ఎక్కించుకుపోవడానికి వచ్చాడనుకున్నాను.

"ఎవరి డ్రైవరండీ మీరు?" అని అడిగాను.

"అరబ్బీ ఇంట్లో బాబూ, ఈ పక్క వీధే. ఇయ్యాళ డ్యూటీ లేదు," అన్నాడు. తరువాత సంచీ విప్పి నాలుగు లావుపాటి నోటు పుస్తకాలు బయటికి తీశాడు. "నాను నవల రాసినాను. సదువుతారేమోనని తెచ్చినాను."

ఆ రోజు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాని నూకరాజుగారికి అది పట్టినట్టు లేదు. ఆయన కళ్ళు నోటు పుస్తకాల మీదే ఉన్నాయి. భీమిలి దగ్గర ఒక మత్స్యకార పల్లెలో పుట్టి, ఇంటరుతో చదువు ఆపి, చిన్నతనంలో అన్నతో వేటకు వెళ్ళి, ఆనక సముద్రం మానేసి స్టీరింగు పట్టిన మనిషి. సముద్రం ఎందుకు మానేశాడో అప్పుడు చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఆ నోటు పుస్తకాలు ఇంటికి తీసుకుపోయి రెండు రోజుల్లో చదివాను. రుద్రమదేవి ఏలుబడిలో మోటుపల్లి రేవు. గంగన అనే నావికుడు సన్న నేతబట్టలు ఎత్తిన ఓడతో హోర్ముజ్ దారి పట్టాడు. ఓడ దొంగల పాలయింది. ఎడారి ఒడ్డున ముత్యాల కోసం మునిగే బానిసల్లో గంగన ఒకడయ్యాడు. ఇక్కడ రేవులో తెరచాపలు కుట్టే నాగాంబ, ప్రియుడు చచ్చిపోయాడని ఊరంతా అంటున్నా నమ్మక, వర్తకుడి వేషం వేసుకుని తానే ఓడెక్కింది. ఆమె కుట్టిన తెరచాప మీద తప్ప ఆమెకు లోకంలో దేని మీదా నమ్మకం లేదు. రాజులూ యుద్ధాలూ ఉన్న నవలలు ఎన్నో చదివాను. అరచేతి బొబ్బలు, తాగే నీటి పీపాలో పట్టిన నాచు, గాలి పడిపోయిన నాడు ఓడలో మనుషులు ఒకరినొకరు చూసుకోలేకపోవడం రాసిన మధ్యయుగపు ప్రణయగాథను నేనింతవరకు ఎరుగను.

పరిష్కర్తగా నన్ను ఆయనే కోరాడు. రెండేళ్ళపాటు నెలకు రెండు శుక్రవారాలు నా ఇంట్లో కూర్చునేవాళ్ళం. నేను సంస్కృతం చదువుకున్నవాణ్ణి. పాతకాలపు కథ కదా, ప్రౌఢమైన మాటలు పడాలని నా పట్టుదల. ఒకనాడు "తెడ్డు అనే మాట మరీ మోటుగా ఉంది, అరిత్రం అందాం" అన్నాను. ఆయన ఆ మాటను రెండుమూడు సార్లు నోట్లో తిప్పుకున్నాడు.

"వొద్దు బాబూ. తెడ్డు అంటే పట్టు దొరుకుతాది. అరిత్రం అంటే సెయ్యి జారిపోతాది."

ఇంకొకసారి, ఓడ తుపానులో చిక్కుకున్న ఘట్టం చాలా పొట్టిగా ఉందని, పెంచమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "తుపాను రెండు పేజీలు దాటకూడదు. నిజం తుపాను అంతసేపు ఆలోసించుకోనివ్వదు. సుట్టూ సూసి, పోలికలు ఎతుక్కుంటూ రాసినోడు తుపాను సూడనట్టే." ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని తరువాత తెలిసింది.

ముత్యాల తీరపు సంగతులు ఆయనకు పుస్తకాల వల్ల వచ్చినవి కావు. యజమాని తండ్రి తొంభైకి దగ్గరపడ్డ వృద్ధుడు. ఆయన తండ్రి ముత్యాల ఓడకు నాఖుదా, అంటే ఓడను నడిపే పెద్ద. శుక్రవారం సాయంత్రాల్లో నూకరాజుగారు ఆ ముసలాయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చెక్క ఓడలు కట్టి ఉంచే ఒడ్డుకు తీసుకువెళ్ళేవాడు. ఒకసారి నన్నూ రమ్మన్నాడు. ముసలాయన కర్రతో ఓడ వైపు చూపిస్తూ అరబ్బీలో ఏదో గట్టిగా అంటున్నాడు. నూకరాజుగారు వచ్చీరాని అరబ్బీలో అంతకంటే గట్టిగా ఎదురు చెబుతున్నాడు. కొట్టుకుంటారేమోనని నాకు భయం వేసింది.

"ఏమిటి గొడవ?" అన్నాను.

"గొడవేటీ లేదు బాబూ. మునిగినోడి నడుంకి కట్టిన తాడు పైనున్నోడు ఎన్ని గుంజులకి లాగాలని. ఈయన ఒకటంటాడు. మా పక్క రెండు. ఒక గుంజు సేప కూడా గుంజుతాది గదా!"

నేను మధ్యలో సర్దిచెప్పబోతే ముసలాయన నన్ను చేతితో వారించి, నూకరాజుగారి మోకాలి మీద తట్టి నవ్వాడు. వారిద్దరి మధ్య నా అవసరం లేదు. నవలలో గంగనను నీళ్ళలోకి దించి, పైకి లాగే అధ్యాయం ఆ సాయంత్రాల ఫలం. మొన్న ఆస్పత్రి శవాగారం బయట ఆ వృద్ధుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పలకరించడానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదలలేదు. కొడుకు నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "తనతో తగువాడేవాడు ఇక ఈ ఇంట్లో లేడని నాన్న అంటున్నారు. మేమంతా ఆయన ఏమంటే దానికి సరేనంటాం."

అచ్చు కాకముందే ఈ నవలకు పాఠకులున్నారు, శ్రోతలున్నారు. మల్లేశ్ తన గదిలో వారానికొక అధ్యాయం పైకి చదివేవాడు, ఆఖరిది తప్ప; దాన్ని అచ్చయ్యాకే చదవాలని ఆపి ఉంచారు. ఆరు మంచాల గదిలో ఇరవైమంది చేరేవారు. కడప, నిజామాబాద్, శ్రీకాకుళం, తెలుగు రాని నేపాలీ ఒకడు కూడా. ఒక వారం నేనూ వెళ్ళాను. నాగాంబ మీసం అతికించుకుని ఓడెక్కే ఘట్టం. కడప ఆయన ఒప్పుకోలేదు. "యా ఆడదైనా అట్ల ఓడెక్కుతాదా? నమ్మేట్ల లేదు సామీ!" అన్నాడు. మల్లేశ్ నోటు పుస్తకం మూసి, "నీ పెండ్లాం ఒక్కతే రాత్రి బస్సెక్కి, అడ్రస్ అడుక్కుంట అడుక్కుంట హైదరాబాద్ ఏజెంటు దగ్గరికి పోలే నీకోసం? గామెకు మీసం లేదు, గంతే," అన్నాడు. గది గొల్లున నవ్వింది. కడప ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మూల కూర్చున్న నూకరాజుగారు తల ఎత్తలేదు. తన కథను ఎవరైనా పొగిడినా, తెగడినా ఆయనకు అదే భంగిమ.

ఇక చెప్పవలసింది చెబుతాను.

నవలకు ఆయన రాసిన ముగింపు ఇది. నాగాంబ ఎన్నో రేవులు తిరిగి, ఆఖరుకు ముత్యాల తీరం చేరుతుంది. అక్కడి వాళ్ళు, "ఆ మనిషి ఇక్కడే ఉండేవాడు, చిన్న పడవ కట్టుకుని వెళ్ళిపోయాడు" అంటారు. ఎటు వెళ్ళాడో ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కు చూపిస్తారు. ఆమె తిరిగి వచ్చి తెరచాప ఎత్తమంటుంది. అంతే. గంగన దొరకడు. చనిపోడు.

నాకది ముగింపులా తోచలేదు. "పాఠకుణ్ణి నడిసముద్రంలో వదిలేస్తున్నారు. ఇద్దర్నీ కలపండి, లేదా గంగనను చంపండి. విషాదాంతమైతే ఈ నవల పదికాలాలు నిలుస్తుంది," అన్నాను.

"సంపలేను బాబూ," అన్నాడు.

"ఎందుకు?"

"నాను సంపలేను. అంతే."

ఆ జవాబు నాకు రచయిత చేతకానితనంలా కనిపించింది. ఆఖరి ప్రూఫులు చూడవలసిన వారం ఆయన యజమాని కుటుంబంతో ఎడారి గుడారాలకు వెళ్ళాడు. ఫోను అందదు. ప్రెస్సు వాళ్ళు తొందరపెడుతున్నారు. నేను కూర్చుని చివరి అధ్యాయం తిరగరాశాను. నాగాంబ గంగనను వెతికి పట్టుకున్నట్టు, ఇద్దరూ తిరిగి వస్తున్నట్టు, మోటుపల్లి రేవు కనుచూపుమేర ఉందనగా మాఘ పౌర్ణమి నాడు ఘోర ఝంఝామారుతం లేచి ఓడ మునిగినట్టు, ఆమె ఒడిలో అతడు ప్రాణం విడిచినట్టు. తుపాను నాలుగు పుటలు వచ్చింది. సమాసాల మీద సమాసాలు. రాసి, నాకు నేనే మురిసిపోయాను. ఆయన చివరి పేజీలు పక్కన పడేశాను. ఆనక ఇల్లు మారినప్పుడు ఆ కాగితాలు ఎటు పోయాయో, ఎంత వెతికినా దొరకలేదు.

పుస్తకం వచ్చింది. చదివినవారంతా ఆ చివరి అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. "నూకరాజుగారు తుపాను వర్ణించిన తీరు అద్భుతం" అని ఉత్తరాలు, సందేశాలు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అది నా రచన అని చెప్పలేదు. చెప్పకపోవడం వినయమని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ తరువాత కొన్ని వారాలకు మల్లేశ్ నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గంగనను అన్న సంపిండా, మీరు సంపిండ్రా?"

"ఎందుకడుగుతున్నావ్?"

"అన్నోళ్ళ పెద్దన్న సముద్రంల పోయిండు సార్. అప్పన్న అని. వేటకు పోయిన పడవ మళ్ళ రాలే, పీనుగ దొరకలే. ఆయన పెండ్లాం పైడమ్మ ఇయ్యాల్టి దాంక బొట్టు తియ్యలే. సచ్చిండంటె ఒప్పుకోదు. ఆమెకు సదువు రాదు. గీ నవల అన్న ఆమె కోసమే రాసిండు. ఒక్కో పాఠం రాసి, ఫోన్ల సదివి, గొంతు పంపుతడు, ఆఖరిదొక్కటి అచ్చయినంక ఇనమన్నడు. మీకు తెల్వదా?"

తెలియదు. రెండేళ్ళు నా ఎదురుగా కూర్చున్న మనిషిని, సముద్రం ఎందుకు మానేశారని ఒక్కసారైనా నేను అడగలేదు.

జరిగింది ఆయన నోటనే విన్నాను. అజీజియాలో కిరాణా దుకాణం ముందు బండి ఆపుకుని ఉన్నాడు. నన్ను చూసి దిగబోతే వద్దని, పక్క సీట్లో కూర్చున్నాను.

"ఆఖరు సూసుకోకుండానే పుస్తకం ఇంటికి పంపినాను బాబూ. మా కూతురు గుంట వాళ్ళ పెద్దమ్మకి సదివి పెట్టీసింది. ఆఖరిదాకా. మూడు దినాలు ఆవిడ అన్నం ముట్టలేదంట."

"మీరు నాకు ముందే చెప్పి ఉంటే..."

"ఏటని సెప్తాను? మీరు పెద్దోరు, బాగుండాలనే రాసారు. బాస బాగుంది." స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "ఆనక గురుతు తెచ్చుకుని, నాను రాసినట్టే సదివి పంపినాను. అచ్చులో తప్పు పడిందని సెప్పినాను. నమ్మిందో లేదో తెల్దు."

అప్పుడు నేను క్షమించమని అడిగి ఉండవలసింది. అడగలేదు. కళ గురించి, విషాదం గురించి, పాఠకుడి హృదయం గురించి ఏవో నాలుగు మాటలు గొణిగాను. ఆయన విన్నాడు. "యజమానమ్మ బయటికొచ్చీసింది, నాను యెళ్ళాల," అని బండి స్టార్ట్ చేశాడు. ఆ తరువాత మా శుక్రవారాలకు రాలేదు. కోపమా, డ్యూటీయా, ఏదీ నాకు తెలియదు. ఒకనాడు వెళ్ళి మాట్లాడదామనుకుంటూనే ఆరు నెలలు గడిపాను. ఆయన ఉండే విల్లా మా ఇంటికి నడిచి పది నిమిషాల దూరం.

ఆయన పార్థివ దేహాన్ని విశాఖకు పంపిన తరువాతి శుక్రవారం సంతాప సభ పెట్టుకున్నాం. మల్లేశ్ క్యాంపు నుంచి రెండు బస్సుల్లో జనం వచ్చారు. నిలబడే చోటు లేదు. మా బృందంలో చక్కని కంఠం గల ఒక సోదరి వేదికనెక్కి, "నూకరాజుగారి ప్రతిభకు పరాకాష్ఠ" అంటూ నవలలోని చివరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. నా తుపాను. నా ఝంఝామారుతం. వింటున్నవాళ్ళు ఏడుస్తున్నారు. ఆ మనిషి ఏ మరణాన్ని రాయనని భీష్మించాడో, ఆ మరణాన్నే ఆయనకు నివాళిగా చదువుతున్నారు. మల్లేశ్ వెనక వరుసలోంచి నా వైపు చూశాడు. లేచి నిజం చెప్పాలని కుర్చీ చేతులు పట్టుకున్నాను. లేవలేదు. సభాధ్యక్షుణ్ణి కాబట్టి చివర్లో రెండు మాటలు మాట్లాడి, పుష్పాంజలి ఘటించి వచ్చేశాను.

అందుకే ఈ వ్యాసం. 'మోటుపల్లి నావ' చదివినవారికి, చదవబోయేవారికి మనవి. అందులోని చివరి అధ్యాయం నూకరాజుగారిది కాదు, నాది. ఆయన అనుమతి లేకుండా రాశాను. ఆయన బతికుండగా ఒప్పుకోలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్ళింటికి ఫోను చేశాను. ఆయన భార్యకు సంతాపం చెప్పాను. పైడమ్మగారితో మాట్లాడాలని అడిగితే ఫోను ఆమెకిచ్చారు. నేనెవరో చెప్పాను. ఆ ముగింపు రాసిన పాపాత్ముణ్ణి నేనేనని చెప్పాను.

"నువ్వా బాబూ," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలాగని చనువూ లేదు. "మొదట్ల ఏడిసినాను. మూడో దినం తట్టింది. మాగ పున్నమికి గంగన మునిగిపోయినాడని రాసినావు గదా? మాగ పున్నమికి సముద్రం సాప పరిసినట్టు ఉంటాది. సంటి పిల్లలకి తానాలు సేయిస్తాం అందల. ఆ గాలి ఆ నెల్లో రాదు బాబూ. ఇది మా మరిది రాసింది గాదు, సముద్రం తెలీనోడు ఎవుడో రాసినాడనుకున్నాను. లేసి అన్నం తిన్నాను."

చివరికి అడిగాను. ఆయన రాసిన అసలు కాగితాలు నా వల్లే పోయాయని, ఆయన చదివి పంపిన ముగింపు ఆమె ఫోనులో ఉంటే ఒక్కసారి పంపితే విని, ఉన్నదున్నట్టు రాసి, మళ్ళీ అచ్చు వేయిస్తానని, ఒక్క అక్షరం మార్చనని ప్రాధేయపడ్డాను.

"ఉంది," అంది పైడమ్మగారు. "కానీ అది నాకు సదివింది బాబూ. మీకు గాదు."

ఫోను పెట్టేసింది.

ఆమె మాట న్యాయం. ఆ ముగింపులోని సంగతి పైన నాకు గుర్తున్నంత చెప్పాను. ఆ మాటల పొందిక, ఆ విరుపు, తెరచాప ఎత్తమని నాగాంబ ఏ మాటల్లో అందో నాకు గుర్తు లేదు. ఇక ఎవరికీ దొరకదు. ఖతార్‌లో ఇరవై ఏళ్ళు ఇతరుల పిల్లల్ని క్షేమంగా బడికి చేర్చి, ఆ విరామాల్లో తెలుగువారికి ఒక సముద్రాన్ని రాసిపెట్టిన మహానుభావుడు వెళ్ళిపోయాడు. ఆయనకు నా అశ్రుతర్పణం ఈ ఒప్పుకోలే. దీన్ని ఆయన స్వీకరించాడో లేదో తెలుసుకునే దారి నాకు లేదు.